సరిచేసిన గిటారుతో మెదక్‌కి

మెదక్‌లో పెద్ద చర్చి ఉంది, గుట్ట మీద కోట ఉంది. వాటి గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళలో కొందరు చూసి కూడా రాశారు. నేను చర్చిని బయటి నుంచి, కోటను కింది నుంచి చూశాను. నేను వెళ్ళిన పని వేరు. ఒక గిటారును మళ్ళీ పాడుచేయించుకుని రావడానికి వెళ్ళాను.

ఆ గిటారు నా భార్య ఇందిరది. ఆమె పెద్దకర్మ రోజున మా అక్క కొడుకు కిరణ్ భోజనాలయ్యాక దాన్ని గోడ మీంచి దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపు మరలు తిప్పాడు. "ట్యూనింగ్ మొత్తం పోయింది మామయ్యా. అత్తయ్య చూసుకున్నట్టు లేదు. సెట్ చేశాను" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కుర్రాడికి ఎంత బాధ్యతో అన్నట్టు తలలూపారు. నేనూ ఊపాను. ఆ పూట దేనికైనా తల ఊపుతున్నాను.

సంగతి మర్నాడు పొద్దున తెలిసింది. గిటారుకు ఆరు తీగలు. ప్రపంచమంతా వాటిని సాధారణంగా ఒకే పద్ధతిలో బిగిస్తారు. అలా బిగించాక వేళ్ళేమీ పెట్టకుండా మీటితే ఏ పాటకూ చెందని చప్పుడు వస్తుంది. ఇందిర వేరే రకంగా బిగించుకునేది. ఊరికే మీటినా ఆరు తీగలూ కలిసి ఒక్కటిగా మోగేవి. పెళ్ళైనప్పటి నుంచీ రోజూ పొద్దున గుడ్డతో దాని దుమ్ము తుడిచి, చివర్న బొటనవేలితో పైనుంచి కిందికి ఒక్కసారి మీటేది. ఆ తర్వాత కాఫీ పెట్టేది. నాకు గిటారు రాదు. రావాల్సిన పని కూడా లేదు. ఆ బిగింపే ఉంటే ఎవరు మీటినా అదే మోగుతుంది. ఆ పొద్దున నేను దుమ్ము తుడిచి మీటాను. కిరణ్ సెట్ చేసిన చప్పుడు వచ్చింది.

ఇలాంటి వేరే బిగింపులకు పేర్లున్నాయని తర్వాత తెలిసింది. ఇంటర్నెట్‌లో వాటిని నేర్పేవాళ్ళు కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి మాట్లాడతారు. ఈ బిగింపు మనసు గాయాలను మాన్పుతుందని ఒకాయన చెప్పి, వెంటనే తన కోర్సులో చేరమన్నాడు. గుంటూరులో ఒక గిటారు మాస్టారు నాలుగైదు రకాలు బిగించి చూపించి ప్రతిసారీ "ఇదేనా అండీ?" అని అడిగాడు. కాదన్నాను. "మీకు అంత బాగా గుర్తుందా?" అని విసుక్కున్నాడు. వెయ్యింటిలో కలిపినా పోల్చగలనని చెప్పాను. ఉన్నవాటిలో దగ్గరగా అనిపించినదాన్ని అలాగే ఉంచమని మా ఊరు తెనాలికి తెచ్చుకున్నాను.

పెళ్ళికి ముందు ఇందిర మెదక్‌లో స్కూలు టీచరుగా పనిచేసింది. ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో పై గదిలో అద్దెకుండేది. ఆ ఇంటి అమ్మాయి జుబేదా ఆమెకు స్నేహితురాలు. చివరిదాకా ప్రతి ఆదివారం గది తలుపేసుకుని ఆమెతో ఫోన్లో మాట్లాడేది. లోపల నుంచి నవ్వులు, మధ్యలో పాట వినిపించేవి. ఆడవాళ్ళ కబుర్లని నేను పట్టించుకోలేదు. జుబేదాకు ఫోన్ చేసి ఏ తీగ ఏ స్వరమో అడిగాను. "స్వరాలు నాకేం ఎర్క సార్? గిటార్ పట్టుకొని రాండ్రి, సూద్దం" అందావిడ. వెళ్ళాను.

కౌడిపల్లి దాకా

హైదరాబాదు నుంచి మెదక్ బస్సులో గిటారుకు సీటుండదు, మనిషికే సరిగా ఉండదు. కండక్టరు దాన్ని కాలితో తట్టి "గిదేంది సార్, సగం టికెట్ తీస్కోవాలె దీనికి" అన్నాడు. నవ్వుతాననుకున్నాడు. నవ్వకపోయేసరికి నిజంగానే తీసుకోమంటాడని భయపడ్డాను, కానీ ముందుకు వెళ్ళిపోయాడు.

నర్సాపూర్‌లో నా పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. కౌడిపల్లిలో దిగాలట. భుజాన తువ్వాలు, చేతిలో ఉడికించిన పల్లీల పొట్లం. కొంతసేపు గిటారు సంచీని చూసి, "జర వాయించుండ్రి సార్, టైంపాస్ అయితది" అన్నాడు.

"నాకు రాదండి."

"రానిదాన్ని ఎందుకు మోస్తుండ్రు?"

"ఇది మా ఆవిడది."

"ఆమె యాడుంది?"

"పోయింది."

"యాడికి?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయనకు అర్థమైంది. పొట్లం నా ఒళ్ళో పెట్టాడు. దారిలో వచ్చే అడవి దాటేదాకా ఇద్దరం పల్లీలు తిన్నాం. దిగేముందు అన్నాడు: "మా అన్న పోయినంక ఆయన బర్రె ఎవ్వరినీ దగ్గరికి రానియ్యలె సార్. తన్నేది. ఆఖరికి అమ్మేసినం. మీరు కూడా అమ్మేయుండ్రి."

ఇందిర పోయాక నాకు అందిన మాటల్లో ఇదే మెరుగైనది. మిగతావాళ్ళు ఆమె పైనుంచి చూస్తోందన్నారు, కాలమే మందన్నారు. ఒక రిటైర్డు హెడ్మాస్టరైతే ఒక పుస్తకం ఇచ్చి, అందులో మృత్యువు మీద ఒక అధ్యాయం ఉందని వేలితో పేజీ కూడా తీసి చూపించాడు. బర్రె గురించి ఎవరూ చెప్పలేదు.

బస్టాండు ఎదురుగా

లాడ్జికి డీలక్స్ అని పేరు. కుళాయి తిప్పితే నీళ్ళకు బదులు గాలి వచ్చింది. మేనేజరుకు చెబితే "వస్తయి సార్, రాకుంటే ఎట్ల" అన్నాడు. ఈ జవాబును మా తెనాలి మున్సిపాలిటీకి నేర్పాలి, అక్కడ రావనే చెబుతారు.

జుబేదాకు ఫోన్ చేశాను. "ఇయ్యాల వద్దు సార్, ఇంట్ల మస్తు పరేషాన్ ఉంది. మా తమ్ముని బిడ్డ షాదీ. రేపు పగటీలి రాండ్రి, బువ్వ ఈడనే తినుండ్రి" అంది. వెనక గిన్నెలు పడుతున్న చప్పుడు, ఎవరినో ఉర్దూలో తిడుతున్న చప్పుడు.

సాయంత్రం ఖాళీ. హోటల్లో జొన్నరొట్టె తిన్నాను, కూర మా వైపుకన్నా కారం, పులుపు తక్కువ. పచ్చడి అడిగితే వెయిటరు రోగిని చూసినట్టు చూసి నిమ్మకాయ ముక్క తెచ్చిపెట్టాడు. తిని నడుస్తుంటే పెళ్ళిళ్ళలో పాడే ఒక ఆర్కెస్ట్రా వాళ్ళ ఆఫీసు కనబడింది. బల్ల మీద కీబోర్డు, గోడ మీద మెరుపు చొక్కాలు వేసుకున్న గాయకుల ఫొటోలు. గిటారు మర ఒకటి కిర్రుమంటోంది, నూనె చుక్క వేయించుకుందామని లోపలికి వెళ్ళాను. అది నా పొరపాటు.

ప్రేమ్ అనే అతను ఉన్నాడు, వాళ్ళ గిటారిస్టు. మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు. నేను పక్క కొట్లో ఇద్దరికీ టీ చెప్పి వచ్చేలోపు మరకు నూనె వేశాడు. తీగలన్నీ తిప్పేశాడు కూడా.

"సెట్ చేసిన సార్" అన్నాడు.

"ఎవరు చేయమన్నారు?"

"మొత్తం అవుట్ ఉండె సార్. గట్ల ఎట్ల వదిలేస్త?"

"అది నేను కావాలని అలా పెట్టించుకున్నది."

"కావాలని ఎవడు పెట్టుకుంటడు సార్ గట్ల?" అతనికి నిజంగానే జాలేసింది. "గిట్ల ఉంటేనే అన్ని పాటలొస్తయి."

"నాకు అన్ని పాటలూ అక్కర్లేదు."

ప్రేమ్ గిటారు తిరిగి నా చేతికిచ్చాడు. పాటలు వద్దనేవాణ్ణి ఆ ఆఫీసులో ఇదివరకు చూసి ఉండడు. నేను డబ్బు తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. "పైసలొద్దు సార్. గిది సర్వీస్."

గిటారు వాయించేవాళ్ళకు ఇదొక జబ్బు. ఎవరి గిటారైనా చేతికిస్తే ముందు వినరు, సరిచేస్తారు. తమకు తెలిసిన బిగింపులో లేదంటే అది పాడైపోయిందనే వాళ్ళ లెక్క. ఇతరుల ఇంట్లో కుర్చీలు జరిపే మనిషిని ఎవరూ రెండోసారి పిలవరు. గిటారిస్టును మాత్రం కుర్చీ వేసి మరీ కూర్చోబెడతారు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు సాయం. కిరణ్‌ది సాయం, ప్రేమ్‌ది సర్వీసు. గుంటూరు మాస్టారి దగ్గర కష్టపడి తెచ్చుకున్న ఆ అరకొర పోలిక కూడా పోయింది.

పొద్దున చర్చి దగ్గరికి వెళ్ళాను. లోపలికి వెళ్ళేవాణ్ణే గాని, మెట్ల దగ్గర ఒక కుటుంబం నా చేతికి ఫోనిచ్చి ఫొటో తీయమంది. వాళ్ళు ఎనిమిది రకాలుగా నిలబడ్డారు. ఆ కుటుంబం పెద్ద నా సంచీ చూసి "సార్, గిటార్ ఇస్తే మా పిలగాడు పట్టుకొని ఒక ఫొటో దిగుతడు" అన్నాడు. నేను ఫోను తిరిగిచ్చి లాడ్జికి వచ్చేశాను.

జుబేదా ఇల్లు

ఇల్లు పాత బజారులో. వాకిట్లో బగారా అన్నం దించుతున్నారు, మాంసం వేసి వండే పప్పు దాల్చా వాసన సందు మొదటి దాకా ఉంది. గుమ్మానికి ఆకుపచ్చ పరదా. ఆ రోజు పెళ్ళికూతురికి మంజా, మా వైపు నలుగు లాంటిది. పసుపు బట్టలు కట్టి కూర్చోబెడతారు, ఆడవాళ్ళు డోలక్ పెట్టుకుని పాడతారు. మగవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు.

నన్ను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టింది జుబేదా కొడుకు అక్బర్. పాతికేళ్ళు దాటినవాడు, టెంట్ హౌస్ ఉంది. "మీ దిక్కు కూరలల్ల బెల్లం ఏస్తరంట గదా సార్, నిజమేనా?" అన్నాడు. పులుసులో వేస్తామన్నాను. "అయ్యో" అన్నాడు, ఇందిర గురించి చెప్పినప్పుడు కూడా అంత బాధపడలేదు.

జుబేదా పరదా పక్కకు తీసి బయటికి వచ్చింది. పొట్టి మనిషి, చేతులకు పసుపు. గిటారు సంచీ మీద చెయ్యి పెట్టింది. తర్వాత "ఇందిరక్క నాకు అక్క. అంటే మీరు దూల్హే భాయ్. ఇగ సార్ అనను" అంది. అక్క మొగుణ్ణి వాళ్ళు అలా పిలుస్తారు.

నేను గిటారు గతి చెప్పాను. ఎవరు సెట్ చేశారో, ఎన్నిసార్లు చేశారో. ఆమె నవ్వింది.

"అప్పుడు కూడ గంతే. అక్క కొత్తల గిటార్ తెచ్చి మా పాటలల్ల కూసునేది. మేం పాడుతుంటె వేళ్ళు పెట్టుకుంట ఎతుకుతుండేది. మేం ఆగుతమా? నలుగురు నాలుగు దిక్కుల గుంజుకపోతం. ఒకరోజు కోపమొచ్చి, 'జుబేదా, నువ్వు గొంతియ్యి' అన్నది. నేను ఆ... అని పట్టుకున్న. తీగలన్ని నా గొంతుకే బిగించింది. ఇగ ఎతుకుడు లేదు. ఒళ్ళె పండవెట్టుకొని డోలక్ కొట్టినట్టే కొట్టేది."

"అంటే స్వరాలు..."

"ఏం స్వరాలు? నా గొంతు."

డోలక్ పాటల్లో ఎవరూ శ్రుతి అడగరట. ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ గొంతే శ్రుతి, మిగతావాళ్ళు కలుపుతారు. నేను గుంటూరు దాకా తిరిగి, కళ్ళు మూసుకునేవాళ్ళ ఉపన్యాసాలు విని, పేర్లు రాసుకుని వెతికిన బిగింపు ఏ పుస్తకంలోనూ ఉండే అవకాశం లేదు. అది ఈ సందులో ఒక మనిషి గొంతు.

"మరి ఫోన్లోనే ఈ మాట చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"మీరు స్వరాలడిగిండ్రు. నేను తెల్వదన్న. గొంతు అడగలేదు గద" అంది. గిటారు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పరదా బయట

అక్బర్ టీ తెచ్చాడు. ఇంకో ఇద్దరు మగవాళ్ళు కుర్చీల అద్దెల గురించి మాట్లాడుకుంటున్నారు. లోపల జుబేదా గొంతెత్తింది. మాటల్లేవు, ఒకే స్వరం. అందంగా ఉందని చెప్పను, కాస్త బొంగురుగా ఉంది. తీగలు తిప్పుతున్నది ఆమె కోడలు సల్మా అని అక్బర్ చెప్పాడు. ఒక్కొక్క తీగా మూలిగి, పైకి పోయి, దిగి వచ్చేది. "జర కిందికి... ఇంకా... బస్, బస్" అని జుబేదా. "అమ్మీ, నీ గొంతే కదులుతుంది, తీగ కాదు" అని సల్మా. లోపలంతా నవ్వులు.

మధ్యలో ఒకసారి మొత్తం మీటారు. కాదు. మళ్ళీ మీటారు, దగ్గరకు కూడా రాలేదు. ఇంత దూరం రావడం ఎంత తెలివితక్కువో కుర్చీలో కూర్చుని లెక్కవేసుకోవడం మొదలుపెట్టాను. ఒక మనిషి గొంతు ముప్పై ఏళ్ళ తర్వాత అలాగే ఉంటుందని నమ్మేవాడికి ఇంతకన్నా మెరుగైనది దక్కదు. ఇంటికెళ్ళి కిరణ్ చప్పుడుతో బతకాలి. లేదా బస్సులో పెద్దమనిషి చెప్పినట్టు అమ్మేయాలి.

మళ్ళీ మీటారు.

నా చేతిలో టీ కప్పు ఉంది. అది కింద పెట్టడానికి చోటు కనబడలేదు. అక్బర్ లేచి వచ్చి కప్పు తీసుకున్నాడు. "ఏమైంది దూల్హే భాయ్?" అన్నాడు, అతనూ అలాగే పిలుస్తున్నాడు. ఏం లేదన్నాను. అదే మోగింది. మా ఇంట్లో కాఫీకి ముందు మోగినదే.

లోపల డోలక్ అందుకుంది. గిటారును దాని వెంట దబదబా బాదుతున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు, అప్పటికప్పుడు కట్టింది:

*దూల్హే భాయ్ ఆయే, బాజా లాయే,*
*బజానా నక్కో పూఛో!*

బావగారు వచ్చారు, వాయిద్యం తెచ్చారు, వాయించడం సంగతి మాత్రం అడక్కండి అని. అక్బర్ అర్థం చెప్పబోయాడు. అక్కర్లేదన్నాను. తర్వాతి చరణంలో నా తలలో వెంట్రుకలు ఎన్నో లెక్కపెట్టారు. దాని తర్వాతి చరణంలో కూరలో బెల్లం వచ్చింది, ఆ వార్త లోపలికి ఎవరు చేరవేశారో అక్బర్ ముఖంలో తెలుస్తూనే ఉంది. మా నలుగు పాటల్లోనూ వియ్యపురాళ్ళను తిడతారు, కానీ ముందు క్షమించమన్నట్టు నవ్వుతారు. ఇక్కడ ఆ సంస్కారం లేదు. ఇందిర పోయాక నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరూ నా దగ్గర గొంతు తగ్గించి మాట్లాడారు. ఈ ఇంట్లో పరిచయం లేని పదిహేను మంది ఆడవాళ్ళు గొంతెత్తి నన్ను తిట్టారు. కూర్చుని మొత్తం విన్నాను.

భోజనాల తర్వాత జుబేదా గిటారు తెచ్చిచ్చింది.

"అచ్చంగా అదే. ఏమీ మారలేదు" అన్నాను.

"ఏం మారలేదా?" ఆమె నన్ను వింతగా చూసింది. "అప్పట్ల నా గొంతు యాడుండె, ఇప్పుడు యాడుంది? అప్పట్ల తీగలు తెగుతయేమో అన్నట్టు గుంజేది అక్క. ఆదివారం ఆదివారం ఫోన్ జేసి, 'జుబేదా, జర గొంతియ్యి' అనేది. నేను పాడితె గిటార్ సరిజేసుకునేది. నా గొంతు దిగుతుంటె అదీ దించుకుంట వచ్చింది. మీకు ఎర్క లేదా?"

నాకు తెలియదు. వెయ్యింటిలో పోలుస్తానన్న ధ్వని నా ఇంట్లోనే, నా ఎదుటే ఇన్నేళ్ళుగా కిందికి దిగుతూ వచ్చింది. నేను రోజూ విన్నాను, రోజూ అదేననుకున్నాను. గుంటూరు మాస్టారి విసుగు నాకు గుర్తొచ్చింది. ఆయన చెవి మీద నాకున్న అభిప్రాయాన్ని కొంత నా చెవికీ పంచాల్సి వచ్చింది.

సల్మా పరదా అంచున నిలబడి ఫోన్ ముందుకు చాపింది. స్వరం పేరు చెప్పే యాప్ అట, రాసుకుంటే మళ్ళీ ఇంత దూరం రానక్కర్లేదు కదా అంది. మంచి ఆలోచనే, కాదనలేదు. ఒక్కొక్క తీగా మీటాం. ఫోన్ తెర మీది ముల్లు రెండు పేర్ల మధ్య ఊగి, ఎక్కడా నిలవక, ఎర్రగా మారి సరిచేసుకోమని చెప్పింది.

"గిది కూడ సెట్ చేస్తనంటుంది" అంది జుబేదా.

తెనాలి

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాను, ఎవరి చేతికీ ఇవ్వలేదు. మెదక్ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది రెండు ముక్కలు: పాత బజారులో పెళ్ళి ఇంటి బగారా అన్నం ఎవరైనా పెడతానంటే వద్దనకండి. వాయిద్యం ఏదైనా వెంట ఉంటే వాయించేవాళ్ళకు చూపించకండి.

ఇంటికి వచ్చి గోడకు తగిలించాను. మర్నాడు పొద్దున మీటితే మోగింది. నాలుగు రోజులు మోగింది. తర్వాత తీగలు జారాయి, చెక్క పెట్టె, తేమ ఊరు, జారక ఏంచేస్తాయి. కిరణ్ ఫోన్ చేసి, వచ్చి చూస్తానన్నాడు. రావద్దని చెప్పాను. నొచ్చుకున్నాడు. నొచ్చుకోనిచ్చాను.

ఆదివారం జుబేదాకు ఫోన్ చేశాను. గొంతివ్వమని అడిగాను. ఫోను బల్ల మీద పెట్టి మరలు తిప్పడం మొదలుపెట్టాను. ఏది ఎటు తిప్పితే ఏమవుతుందో తెలియక గంట పట్టింది. ఆమె మధ్యలో రెండుసార్లు పొయ్యి దగ్గరికి వెళ్ళి వచ్చింది, ఒకసారి నన్ను మొద్దు అన్నది. చివరికి కుదిరింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం చేస్తున్నాను. తలుపు వేసుకోను, వేసుకుని ఎవరికి వినబడకుండా చేయాలి?

మొన్న ఆదివారం ఆమెకు జలుబు చేసింది. గొంతు బాగా దిగిపోయింది. "ఇయ్యాల వద్దు దూల్హే భాయ్, గొంతు మంచిగైనంక సూద్దం" అంది. ఉన్న గొంతే ఇవ్వండి అన్నాను. దగ్గి, పాడింది. ఆరు తీగలూ దించాను.